ఏరుమద్ది: పేరులోనే ఏరున్న చెట్టు

బెంగళూరుకు దక్షిణంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, కనకపుర దాటాక, అర్కావతి వచ్చి కావేరిలో కలుస్తుంది. ఆ చోటిని సంగమ అంటారు. ఎండలు ముదిరాక అక్కడికి వెళ్లినవాళ్లకు రెండు రంగులు కనిపిస్తాయి. కొండల మీద అడవి ఆకు రాల్చి బూడిదరంగుకు తిరిగి ఉంటుంది. నది వెంట మాత్రం పచ్చటి అంచు సాగిపోతూ ఉంటుంది. ఆ అంచుకు ఎత్తునూ నీడనూ ఇచ్చేవి పాలిపోయిన నున్నటి మానులు, నీళ్ల మీదికి వాలిన కొమ్మలు ఉన్న పెద్ద చెట్లు. కొన్నింటి వేర్లు ఇసుక కొట్టుకుపోయి బయటపడి, బండరాళ్లను పట్టుకుని ఉంటాయి. ఇదే ఏరుమద్ది.

తెల్లమద్ది అన్నా ఇదే, సంస్కృతంలో అర్జున వృక్షమన్నా ఇదే. శాస్త్రీయ నామం టెర్మినేలియా అర్జున. కాంబ్రెటేసీ కుటుంబానికి చెందిన ఈ చెట్టుకు కరక, తాని, నాటుబాదం దగ్గరి దాయాదులు. భారతదేశం, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్‌లలో ఇది సహజంగా పెరుగుతుంది. సాధారణంగా 20 నుంచి 25 మీటర్లు, అనుకూలమైన చోట అంతకు మించి ఎదుగుతుంది. దక్కను పీఠభూమి నదులకు ఒడ్డుచెట్టు ఏదని అడిగితే మొదట చెప్పుకోవలసిన పేరు ఇదే.

పేర్లు చెప్పే చిరునామా

చెట్టును గుర్తుపట్టడానికి ఆకు, బెరడు, కాయ చూడడం ఎవరైనా చెబుతారు. ఈ చెట్టు విషయంలో అంతకంటే ముందు పేరును వినాలి. తెలుగువాళ్లు దీన్ని ఏరుమద్ది అన్నారు. కన్నడిగులు హొళెమత్తి, తొరెమత్తి అన్నారు. హొళె అంటే నది, తొరె అంటే వాగు. తమిళంలో ఇది నీర్‌మరుదు, మలయాళంలో నీర్‌మరుతు. అమరకోశం చెప్పిన పర్యాయపదాల్లో నదీసర్జం ఒకటి. ఇన్ని భాషల జనం ఈ చెట్టును నీటితో జోడించే పిలిచారు. అడవి తెలిసినవాళ్లు చెట్టును దాని చోటుతో కలిపే గుర్తుపెట్టుకున్నారనడానికి ఇది చక్కటి సాక్ష్యం.

రెండో వరుస పేర్లు రంగును చెబుతాయి. తెల్లమద్ది, కన్నడ బిళిమత్తి, తమిళ వెళ్లైమరుదు బెరడు తెలుపును సూచిస్తాయి. సంస్కృతంలో అర్జున శబ్దానికి కూడా తెల్లనిది, మెరిసేది అనే అర్థం. అంటే ఈ చెట్టు పేరుకు పాండవ మధ్యముడితో పని లేదు. ఆయనకూ చెట్టుకూ ఆ పేరు ఒకే మాట నుంచి వచ్చింది.

ఆధునిక శాస్త్రంలో దీని నమోదు వెనుక తెలుగునేల కూడా ఉంది. 18వ శతాబ్ది చివర్లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించాడు, స్థానిక చిత్రకారులతో వాటి బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లాడు. ఈ చెట్టును ఆయన పెంటాప్టెరా అనే ప్రజాతిలో చేర్చాడు. ఆ మాటకు ఐదు రెక్కలది అని అర్థం. రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్ 1834లో దీన్ని టెర్మినేలియా ప్రజాతిలోకి మార్చారు. కొమ్మల చివర ఆకులు గుత్తిగా చేరే చెట్ల ప్రజాతి కాబట్టి ఆ పేరు. రాక్స్‌బర్గ్ పెట్టిన ప్రజాతి పేరు పోయినా, ఆయన లెక్కపెట్టిన ఐదు రెక్కలు నేటికీ ఈ చెట్టుకు మొదటి గుర్తుల్లో ఒకటి.

గుర్తుపట్టే తీరు

బెరడుతో మొదలుపెట్టాలి. ఏరుమద్ది మాను నున్నగా, బూడిద కలిసిన తెలుపులో ఉంటుంది. అక్కడక్కడ లేత గులాబీ, లేత ఆకుపచ్చ ఛాయలు కనిపిస్తాయి. పై పొర పలుచని పెద్ద పెచ్చులుగా ఊడిపోతుంది. పెచ్చు ఊడిన చోట కొత్త బెరడు లేతగా మెరుస్తుంది, పాతబడేకొద్దీ బూడిదరంగుకు తిరుగుతుంది. అందుకే ఒకే మాను మీద రెండు మూడు ఛాయలు పక్కపక్కన మచ్చలుగా ఉంటాయి. పెద్ద చెట్ల మొదట్లో మాను గోడల్లా చీలి నేలలోకి దిగుతుంది. కొమ్మలు బారుగా పెరిగి చివర్లలో కిందికి వంగుతాయి.

తర్వాత ఆకు. ఇది 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున, కోలగా, తోలులాగా దళసరిగా ఉంటుంది. కొమ్మకు రెండు వైపులా దాదాపు ఎదురెదురుగా అమరుతుంది. పైభాగం ముదురు ఆకుపచ్చ, అడుగుభాగం కాస్త వెలిసినట్టు ఉంటుంది. ఆకును చేతిలోకి తీసుకుని, తొడిమ ఆకును కలిసే చోట వేలిగోటితో తడిమితే రెండు చిన్న బుడిపెలు తగులుతాయి. ఇవి గ్రంథులు. పూలూ కాయలూ లేని కాలంలో బెరడుతో పాటు ఈ రెండు బుడిపెలు కూడా గుర్తుపట్టడానికి సాయపడతాయి.

పూలు ఏప్రిల్ నుంచి జూలై లోపు పూస్తాయి. దూరం నుంచి చూస్తే పూతలా కనబడదు. లేత పసుపు కలిసిన తెల్లటి చిన్న పూలు కంకులుగా వస్తాయి. వీటికి ఆకర్షణ పత్రాలు ఉండవు. కనిపించే ఆ మెత్తటి జూలంతా కేసరాలే. వాసన మాత్రం ఘాటుగా తేనెను తలపిస్తుంది. తేనెటీగల రొద విని తలెత్తితే గాని కింద నడిచేవాళ్లకు చెట్టు పూసిందని తెలియదు.

ఇక కాయ. రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవున, చెక్కలా గట్టిగా ఉంటుంది. నిలువునా ఐదు రెక్కలు పొడుచుకొస్తాయి. స్టార్‌ఫ్రూట్‌ను చిన్నది చేసి గోధుమరంగు చెక్కలో మలిచినట్టు ఉంటుంది. రెక్క మీద పరిశీలనగా చూస్తే నడిమి నుంచి పైకి వంపు తిరిగిన సన్నటి గీతలు కనిపిస్తాయి. ఒక ఏడు పూసిన పువ్వు కాయగా పండేసరికి మరుసటి ఏడు ఫిబ్రవరి నుంచి మే దాకా పడుతుంది. కాబట్టి వేసవి మొదట్లో చెట్టు కింద నేలంతా ఈ కాయలే పరుచుకుంటాయి. పైనున్న ఆకులు అందనివారు నేల చూసి గుర్తుపట్టవచ్చు.

నల్లమద్దితో తికమక

మద్ది అనే మాట ఒక్కటే ఉంటే పొరపాటు పడడం సులువు. ఎర్ర అద్దకానికి వేరు వాడిన తొగరు చెట్టును కూడా కొన్నిచోట్ల మద్ది అంటారు. అది వేరే కుటుంబం. అసలు తికమక నల్లమద్దితో వస్తుంది. అది టెర్మినేలియా ప్రజాతిలోదే. దాని కాయకూ ఐదు రెక్కలుంటాయి.

తేడా పట్టడానికి బెరడు చాలు. నల్లమద్ది మాను నల్లగా, నిలువుగా అడ్డంగా లోతైన పగుళ్లతో మొసలి చర్మాన్ని తలపిస్తుంది. కాయ రెక్కలు వెడల్పుగా ఉంటాయి, వాటి గీతలు అంచుదాకా తిన్నగా సాగుతాయి. ఉండే చోటు కూడా వేరు. నల్లమద్ది కొండవాలు చెట్టు, ఆకురాల్చే పొడి అడవుల చెట్టు.

ఈ రెండు చెట్లకూ నీటితో ఉన్న సంబంధం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది మానుకు గాటు పెట్టగా నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ దృశ్యం దేశమంతా చూసింది. అక్కడి కొండరెడ్లకు మాత్రం ఇది పాత విషయమే. ఏటికి దూరంగా బతికే నల్లమద్ది వేసవి కోసం నీటిని మానులో దాచుకుంటుంది. ఏరుమద్దికి ఆ అవసరం లేదు, అది నీటి పక్కనే ఉంటుంది.

ఏటి ఒడ్డే ఎందుకు?

ఏరుమద్ది కాయ బరువు తక్కువ, రెక్కలు ఎక్కువ. చెట్టు నుంచి రాలినది నీళ్లలో పడితే తేలుతుంది. కాయలు రాలే కాలం ముగిసేసరికి వానలు మొదలవుతాయి, నదికి కొత్తనీరు వస్తుంది. ఆ నీరు కాయలను మోసుకుపోయి, వరద తీసేటప్పుడు ఒండ్రు మీద, ఇసుక మేటల మీద, రాళ్ల సందుల్లో వదిలిపెడుతుంది. మొలకకు కావలసిన తడి, మెత్తటి మట్టి అక్కడే దొరుకుతాయి. లేత మొక్క కొంత నీడను, కొన్నాళ్ల ముంపును కూడా ఓర్చుకుంటుంది. ఎదిగిన చెట్టు వేర్లు పక్కలకు విస్తరించి ఒడ్డు మట్టిని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఇలా ఏరు చెట్టును నాటుతుంది, చెట్టు ఏటి గట్టును కాస్తుంది.

తడి అందినంత కాలం ఈ చెట్టు మరీ నేలను ఎంచుకోదు. చవుడు నేలను సైతం ఓర్చుకుంటుంది కనుక అలాంటి భూములను బాగుచేసే పనిలో దీన్ని నాటుతారు. నీడ కోసం బాటల వెంట కూడా పెంచారు. బ్రిటిష్ పాలకులు న్యూఢిల్లీని కట్టినప్పుడు రహదారుల పక్కన నాటించిన చెట్లలో ఇది ఒకటి. నాటితే రోడ్డు పక్కన పెరగడం వేరు, తనంతట తాను మొలవడం వేరు. ఎవరూ నాటకుండా ఏరుమద్దులు వరుసగా నిలబడి ఉన్నాయంటే, పక్కన ఏరు ఉన్నట్టే. ఒకవేళ ఇప్పుడు లేకపోతే, ఒకప్పుడు ఉండేదని అనుకోవచ్చు.

నది లేని నగరం, నదుల పుట్టిల్లు

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన, ఒక మిట్ట మీద ఉంది. నగరం నడుమ పెద్ద నది పారదు. కురిసిన నీరు పడమటి వాలున అర్కావతిలోకి, తూర్పు వాలున దక్షిణ పినాకినిలోకి పోతుంది. బసవనగుడి ప్రాంతంలో పుట్టే వృషభావతి అర్కావతికి ఉపనది. అర్కావతి నందికొండల్లో పుడుతుంది. తెలుగువాళ్ల పెన్న కూడా నంది చుట్టుపక్కల కొండల నుంచే బయలుదేరి ఉత్తరానికి మళ్లి, అనంతపురం, కడప సీమలు దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఒకే కొండల వాన కావేరికీ పెన్నకూ పంచుకుపోతుంది.

నగరంలో ఏరుమద్దిని చూడాలంటే తోటలకు వెళ్లాలి. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన లాల్‌బాగ్‌లో, 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కులో ఇది ఉంది. ఆకు, బెరడు, కాయ నేర్చుకోవడానికి అవి మంచి బడులు. కాని చెట్టు సహజ జీవితం తెలియాలంటే సంగమ, ముత్తత్తి, భీమేశ్వరి, గాలిబోరె వైపు వెళ్లవలసిందే. ఇవన్నీ 1987లో ప్రకటించిన కావేరి వన్యప్రాణి అభయారణ్యం పరిధిలో, దాని అంచుల్లో ఉన్నాయి. సంగమకు కొద్ది కిలోమీటర్ల దిగువన నది రాతి సందులో ఇరుకైపోయే చోటుకు మేకెదాటు అని పేరు. మేక దాటేంత ఇరుకు అని అర్థం, తెలుగువారికి అనువాదం అక్కరలేదు.

ఈ ఒడ్డున ఏరుమద్దికి తోడు కానుగ, చింత, నేరేడు, మేడి చెట్లుంటాయి. గట్టెక్కి వంద అడుగులు నడిస్తే చాలు, అడవి తీరు మారిపోతుంది. ముళ్లపొదలు, పొట్టిచెట్లు, పొడినేల వచ్చేస్తాయి. నదీతీరపు అడవి అంత సన్నటి పట్టీ.

సన్నటిదైనా దానిని నమ్ముకున్న ప్రాణులు చాలా ఉన్నాయి. బూడిదరంగు పెద్ద ఉడుత వాటిలో ముఖ్యం. దక్షిణ భారతంలో కొన్ని చోట్ల, శ్రీలంకలో మాత్రమే ఉండే ఈ ఉడుత నేల మీదికి దిగడం అరుదు. ఎత్తైన చెట్ల కొమ్మల్లో గూడు కట్టి, ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు దూకుతూ బతుకుతుంది. కొమ్మలు కలిసిన చోటల్లా దానికి దారి. మధ్యలో రెండు పెద్ద చెట్లు పడితే ఆ దారి తెగిపోతుంది. చిన్న చేపగద్ద నది మీదికి చాచిన కొమ్మల నుంచి నీళ్లను కనిపెడుతూ ఉంటుంది. వేర్ల సందుల్లో నీటికుక్కలు, ఇసుక మీద మొసళ్లు, మడుగుల్లో గూని వీపు మహసీర్ చేపలు ఈ పరిసరంలో భాగమే. ఆ మహసీర్ ప్రపంచంలో కావేరి, దాని ఉపనదుల్లో తప్ప సహజంగా మరెక్కడా లేదు.

గుడిగా మారిన మాను

ముత్తత్తిలో నది ఒడ్డున ఆంజనేయుడి గుడి ఉంది. సీతమ్మ స్నానం చేస్తుండగా ముత్యపు ముక్కుపుడక కావేరిలో జారిపోతే హనుమంతుడు తోకతో వెతికి తెచ్చాడని స్థలపురాణం. ఊరి పేరును ఆ ముత్యంతోనే ముడిపెడతారు.

అక్కడి నుంచి వందల కిలోమీటర్ల దూరంలో, ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం దగ్గర గుర్వాయిగూడెంలో, ఎర్రకాలువ ఒడ్డున ఇంకో ఆంజనేయుడు ఉన్నాడు. ఆయనను మద్ది ఆంజనేయస్వామి అంటారు. ఇక్కడ స్వామి వెలసింది మద్దిచెట్టు తొర్రలో. మధ్వుడనే భక్తుడు మద్దిచెట్టుగా పుట్టాడని, ఆంజనేయుడు అతని నీడలో కొలువై ఉంటానని మాటిచ్చాడని ఐతిహ్యం. వాగు, దాని ఒడ్డున చెట్టు, ఆ చెట్టే గర్భగుడి. ఏరుమద్ది సహజంగా పెరిగే చోటును ఈ గుడి ఉన్నదున్నట్టు చూపిస్తుంది.

శైవుల్లో మూడు అర్జున క్షేత్రాల లెక్క ఉంది. మొదటిది కృష్ణాతీరపు శ్రీశైలంలోని మల్లికార్జునం. నడిమిది కావేరీతీరపు తిరువిడైమరుదూరు, దానికి మధ్యార్జునమని పేరు. మూడోది తామ్రపర్ణి ఒడ్డున ఉన్న తిరుప్పుడైమరుదూరు. మూడు చోట్లా మద్దిని స్థలవృక్షంగా కొలుస్తారు, మూడూ నదుల పక్కనే ఉన్నాయి. ప్రాచీన తమిళ సాహిత్యం నేలను ఐదు తిణైలుగా విడదీసి, నీరు పారే పొలాల సీమకు మరుదం అని చెట్టు పేరే పెట్టింది. ఆ మరుదు నీర్‌మరుదేనని కొందరు, వేరే చెట్టని కొందరు అంటారు.

తెలుగు పిల్లలకు ఈ చెట్టు మొదట పరిచయమయ్యేది బాలకృష్ణుడి కథలో. యశోద రోటికి కట్టేస్తే, కృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ జంట మద్దిచెట్ల మధ్య నుంచి పోయి వాటిని కూల్చాడు. పోతన దశమస్కంధంలో చెప్పిన ఆ కథలో చెట్లుగా మారినవాళ్లు కుబేరుడి కొడుకులు నలకూబరుడు, మణిగ్రీవుడు. నదిలో జలక్రీడలాడుతూ నారదుణ్ని లెక్కచేయక శాపం తెచ్చుకున్నారు.

పట్టు, బెరడు, కలప

తెలంగాణలో దసలి పట్టు అని పిలిచే తస్సర్ పట్టుకు మూలం మద్దిచెట్లు. ఈ పట్టుపురుగు మల్బరీ పురుగులా చేటల్లో పెరగదు. ఆరుబయట తెల్లమద్ది, నల్లమద్ది ఆకులు తింటూ చెట్టు మీదే గూడు కడుతుంది. గోదావరి పక్కన మహదేవపూర్, చెన్నూరు ప్రాంతాల్లో ఈ పెంపకం జీవనోపాధిగా ఉంది. పిట్టల నుంచి, చీమల నుంచి పురుగులను కాపాడుకుంటూ పెంపకందార్లు రోజంతా చెట్ల కిందే ఉంటారు. దేశంలో పట్టు వ్యవహారాలు చూసే కేంద్ర పట్టు మండలి ప్రధాన కార్యాలయం ఉన్నది బెంగళూరులోనే.

ఆయుర్వేదం ఏరుమద్ది బెరడును గుండెకు మేలుచేసే మందుగా చెబుతుంది. బెరడును పాలతో కాచే పద్ధతి, అర్జునారిష్టం దానికి ప్రసిద్ధ రూపాలు. బెరడులో టానిన్లు దండిగా ఉండడం వల్ల తోళ్లు పదును చేయడానికీ వాడారు. కలప గట్టిది, బరువైనది. బండ్లకు, పడవలకు, ఇళ్ల దూలాలకు పనికొచ్చింది.

ఈ మందు గిరాకీయే చెట్టుకు ఒక ప్రమాదం. మానుకు ఒక పక్కన కొద్దిగా బెరడు తీస్తే చెట్టు గాయం మాన్చుకుంటుంది. చుట్టూ ఉంగరంలా ఒలిస్తే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరదు, చెట్టు నిలువునా ఎండిపోతుంది. ప్రమాదం చెట్టుకే కాదు: డాక్టరును అడగకుండా గుండెజబ్బుకు ఈ బెరడు మీదే ఆధారపడడం మనిషి ప్రాణాలకూ ముప్పే.

ఒడ్డు మిగిలితేనే

బెంగళూరు తన దగ్గరి నదిని వాడేసుకుంది. అర్కావతి మీద హెసరఘట్ట జలాశయం నుంచి 1890లలో, తిప్పగొండనహళ్లి నుంచి 1933లో నగరానికి నీళ్లు తెచ్చారు. అవి చాలక 1974 నుంచి కావేరిని సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు తోడి పోస్తున్నారు. వృషభావతి నగరపు మురుగును మోస్తోంది. ఇసుక తవ్వకాలు, గట్టుదాకా దున్నే పొలాలు, చెరువుల్నీ కాలువల్నీ మింగిన కట్టడాలు ఏటి ఒడ్డు అనే చోటునే లేకుండా చేస్తున్నాయి. మేకెదాటు దగ్గర 67 టీఎంసీల జలాశయం కట్టాలని కర్ణాటక ప్రతిపాదించింది. అది వస్తే దాదాపు 5,000 హెక్టార్ల అడవి మునుగుతుంది. ఏరుమద్ది నాలుగు రోజుల వరదను ఓర్చుకోగలదు; శాశ్వతంగా నిలిచే జలాశయపు నీరు దానికి వరద కాదు, ముంపు.

పెంచడం మాత్రం కష్టం కాదు. వేసవిలో రాలిన కాయలను ఏరి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, ఒండ్రుమట్టి సంచుల్లో పెడితే మొలుస్తాయి. మొలక నెమ్మదిగా వస్తుంది, తడి ఆరకూడదు. బెంగళూరులో చెరువుకట్టల దిగువ, వాననీరు పోయే రాజకాలువల గట్లు, అర్కావతి పరీవాహకంలో ఊటలు మిగిలిన వంకలు దీనికి సరైన చోట్లు. మే నెలలో కబ్బన్ పార్కులో ఏరుమద్ది కింద నిలబడితే, కాలికింద కరకరలాడే ఐదు రెక్కల కాయలు కనిపిస్తాయి. అక్కడ వాటిని ఊడ్చి చెత్తబండిలో వేస్తారు. అదే వారాల్లో సంగమ దగ్గర ఇవే కాయలు ఇసుక మీద కొత్తనీటి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.